ఎనిమిదికి ఇరవై తక్కువ

అట్రాక్టా డ్యూటీ పొద్దున ఎనిమిదింటికి. ఆవిడ వచ్చేది మాత్రం ఎనిమిదికి ఇరవై తక్కువకి. తొమ్మిదేళ్లుగా ఇదే వరస. వానైనా, రోడ్డు మీద మంచు గడ్డకట్టినా, ఆదివారమైనా సరే, ఏడూ నలభైకి డ్రమ్‌కార్న రోడ్డులో ఆవిడ పాత నీలం కారు వచ్చి ఆగాల్సిందే. ఆ ఇరవై నిమిషాలకి జీతం లేదు. ఇస్తామని ఎవరూ అనలేదు, ఇవ్వమని ఆవిడా అడగలేదు.

ఎందుకు రావడం అంటారా? కోల్మన్ కోసం. కోల్మన్ ఏడున్నరకల్లా మెలకువొచ్చి, పైకప్పు చూస్తూ పడుంటాడు. నలభై ఆరేళ్ల మనిషి. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాళ్లూ చేతులూ చెప్పిన మాట వినవు, నోరు మాట పలకదు. బుర్ర మాత్రం చురకత్తి. యంత్రంతో ఎత్తి మంచం మీంచి కుర్చీలోకి దించాలంటే ఇద్దరుండాలి, ఒక్కరే ఎత్తితే ఉద్యోగం ఊడుతుంది. రాత్రి డ్యూటీ మనిషి మలాకీ ఒక్కడే. వికలాంగుల కోసం ఒక సంస్థ నడిపే ఆ ఇంట్లో కోల్మన్ కాక ఇంకో ఇద్దరున్నారు, వాళ్లనీ వాడే చూసుకోవాలి. రెండో మనిషి ఎనిమిదికి వస్తుందని కాగితం మీద ఉంది. కాగితంలో లేనిది అట్రాక్టా ఇరవై నిమిషాలు. ఎనిమిది కొట్టేసరికి కోల్మన్ లేచి, మొహం కడుక్కుని, వంటింటి కిటికీ దగ్గర తన కుర్చీలో కూర్చుని టీ తాగుతూ ఉంటాడు. రోజువారీ పుస్తకంలో అట్రాక్టా చేత్తోనే రాసి ఉంటుంది: "ఎనిమిది గంటలు. కోల్మన్ లేచాడు. హుషారుగా ఉన్నాడు."

మార్చిలో సర్కారు వాళ్లు ఒకాయన్ని పంపారు, ఈ ఇంటికి ఎన్ని గంటల మనుషులు కావాలో లెక్క చూడమని. ఆయన ఆ పుస్తకం తిరగేశాడు. పేజీ పేజీకీ హుషారే. "చాలా చక్కగా నడుస్తోంది, ఉన్న గంటలు సరిపోతున్నాయి" అని రాసుకుని, బిస్కట్ తిని వెళ్లిపోయాడు. పొద్దుటి పూట మనుషుల్ని పెంచమని సంస్థ పెట్టుకున్న అర్జీ అక్కడికక్కడే చచ్చింది. ఎందుకు చచ్చిందో అప్పట్లో అట్రాక్టాకి తట్టలేదు. ఆయన్ని మాత్రం వారం రోజులు తిట్టింది.

ఇక జీతం సంగతి. ఆ దేశంలో వికలాంగుల బాగోగులు చూసే సంస్థలకి సర్కారు డబ్బు రెండు దారుల్లో వస్తుంది. చట్టంలో ముప్పై ఎనిమిదో సెక్షన్ ఒక దారి, ముప్పై తొమ్మిదో సెక్షన్ ఇంకో దారి. ముప్పై ఎనిమిది వాళ్లకి సర్కారు ఉద్యోగుల జీతం, పెన్షన్. ముప్పై తొమ్మిది వాళ్లకి సంస్థ దగ్గర ఏం మిగిలితే అది. డబ్బు ఒకే ఖజానాది. తుడిచే ముడ్డీ ఒకటే. అట్రాక్టా పనిచేసే ఇల్లు ముప్పై తొమ్మిది. అదే రోడ్డుకి అవతలి పక్క, నాలుగిళ్ల దూరంలో, అదే మేస్త్రీ కట్టిన అలాంటి ఇల్లే ఇంకొకటుంది. అది ముప్పై ఎనిమిది. కిందటి నెలదాకా ఈ ఇంట్లో పనిచేసిన జుసారా, చిన్నప్పుడే బ్రెజిల్ నుంచి ఆ ఊరొచ్చి స్థిరపడిన పిల్ల, ఇప్పుడు అక్కడ చేస్తోంది. అవే చేతులు. రోడ్డు దాటగానే వాటి ఖరీదు పెరిగింది. పొద్దున్నే కారు దిగుతూ చెయ్యూపుతుంది, పాపం, సిగ్గుపడుతూ.

రెండేళ్లలో పదకొండుగురు ఇలాగే రోడ్డు దాటారు. సంస్థ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇంకో ఇద్దరు మానేస్తే ఈ ఇల్లు నడపలేం, మూసేస్తాం, కోల్మన్‌ని పక్క కౌంటీలోని ముసలివాళ్ల నర్సింగ్ హోమ్‌కి పంపుతాం అని. ఎనభై దాటినవాళ్ల మధ్య, సాయంత్రం ఆరింటికే దుప్పటి కప్పేసే చోటికి, నలభై ఆరేళ్లవాణ్ని.

కోల్మన్ దగ్గర ఒక లెక్క ఉంది. ఇప్పటిదాకా అతని ఒళ్లు కడిగినవాళ్లు నూట పన్నెండు మంది. పేర్లన్నీ వరసగా గుర్తు. అట్రాక్టా డెబ్భై ఒకటి. జుసారా నూట తొమ్మిది. కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ బట్టలు విప్పించుకుని మొదట్నుంచీ నేర్పాలి. ఎక్కడ పట్టుకుంటే నొప్పి, ఎటు తిప్పితే ఊపిరాడదు, చెంచా నాలుక మీద ఎక్కడ పెట్టాలి. నేర్చుకునేసరికి వాళ్లు వెళ్లిపోతారు. "నూట పదమూడు వద్దు" అని కోల్మన్ ఎన్నిసార్లు చెప్పాడో.

చెప్పడమంటే కళ్లతో. అద్దంలాంటి ప్లాస్టిక్ పలక మీద అక్షరాలుంటాయి. ఎదుటి మనిషి దాన్ని తమ ఇద్దరి మొహాల మధ్యా పట్టుకోవాలి. అతను ఏ అక్షరం వైపు చూస్తే అది పైకి చదవాలి. సరైతే కళ్లు పైకెత్తుతాడు, కాకపోతే మూసేస్తాడు. ఒక మాటకి ఒక్కోసారి రెండు నిమిషాలు. అంత ఓపిక ఎవడికుంది? మొదటి అక్షరం చూడగానే మిగతాది ఊహించేస్తారు. అందుకే ఫ్రిజ్ తలుపు మీద ఒక అట్ట అంటించి ఉంది: "నా మాట నేనే పూర్తి చేసుకుంటాను." కోల్మన్ చెప్తే రాసి అంటించింది అట్రాక్టాయే. అందరికంటే ఎక్కువ ఊహించేదీ ఆవిడే.

సమ్మె మంగళవారం మొదలు, మూడు రోజులు. రోడ్డు అవతలివాళ్లతో సమాన జీతం కావాలి, అంతే. సోమవారం మధ్యాహ్నం ఇంటి మేనేజరు ఫిడెల్మా ఆవిణ్ని ఆఫీసులోకి పిలిచింది. ఆఫీసంటే ఒకప్పుడు ఇస్త్రీ బల్ల పెట్టుకున్న గది.

"కూర్చో అట్రాక్టా. టీ తాగుతావా?"

"నువ్వు టీ పోస్తానన్నావంటే నాకేదో మూడిందన్నమాటే. చెప్పమ్మాయ్."

ఫిడెల్మాకి ముప్పై ఎనిమిదేళ్లు. కళ్ల కింద నల్లటి చారలు. "సమ్మె నీ హక్కు. నేనేమీ అనను. సమ్మె రోజుల్లో లోపల పనిచెయ్యడానికి యూనియన్ ఒప్పుకున్నది ఇంటికి ఒక్క మనిషిని. మలాకీ పగటికి మారుతున్నాడు. ఎత్తడానికి రెండో చెయ్యి నేనేస్తాను. కానీ కోల్మన్ సంగతి నీకు తెలుసుగా. నువ్వు తినిపిస్తే తప్ప..."

"అయితే?"

"పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఊరికే, పది నిమిషాలు. పుస్తకంలో రాయొద్దు. వెనక తలుపు తీసే ఉంచుతా."

"సమ్మె చేస్తూ పనిచెయ్యమంటున్నావ్."

"పని కాదు. చూసిపొమ్మంటున్నా."

"జీతం కోసం సమ్మె చేస్తూ, జీతం లేకుండా పనిచెయ్యమంటున్నావ్! ఎవరికైనా చెప్తే నవ్విపోతారే."

ఫిడెల్మా ముందుకు వంగి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నువ్వు చాలా మంచిదానివి అట్రాక్టా."

ఆ ఊళ్లో కృతజ్ఞత చెప్పాలంటే ఆ మాటే. తలుపు పట్టుకుంటే మంచిదానివి. పాలు తెచ్చిపెడితే మంచిదానివి. తొమ్మిదేళ్లుగా చర్చి గుమ్మంలో, కొట్లో, డాక్టరు దగ్గర ఆవిడ వినే మాట ఒక్కటే. "అబ్బ, ఆ పని మాకు చేతకాదమ్మా, నువ్వెంత మంచిదానివో!" ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడ లోపల ఏదో కరిగేది. ఇప్పుడూ కరిగింది. కాదనలేదు. అవుననీ అనలేదు. ఏదీ అనకుండా లేచి వచ్చేసింది. అంటే ఒప్పుకున్నట్టేనని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం ఇంటికెళ్లే ముందు పలక పట్టుకుంటే కోల్మన్ అడిగాడు. "రేపు నువ్వు బయటేనా?"

"బయటేరా, గేటు దగ్గర. యూనియన్ తరఫున డెర్వలా నా పేరు రాసి మరీ పెట్టింది."

"నిజంగా?"

అట్రాక్టా పలక దించేసింది. "నిజంగానేలే. కోటు ఎక్కడ పెట్టానబ్బా?" కోటు ఆవిడ ఒంటి మీదే ఉంది.

మంగళవారం ఏడూ నలభైకి నీలం కారు ఆగింది. గేటు దగ్గర డెర్వలా ఒక్కతే మడత కుర్చీలు విప్పుతోంది. యూనియన్ తరఫు మనిషి. ఒకప్పుడు మంగలి షాపులో జుట్టు కత్తిరించేది. ఆ కత్తెర ఇప్పుడు నోట్లో ఉంది.

"ఏంటక్కా, సమ్మెకి కూడా ఇరవై నిమిషాలు ముందొచ్చావ్? దీనికీ జీతం లేదు, చూసుకో."

"అలవాటు. నోర్మూసుకుని ఆ జాకెట్ ఇటివ్వు."

ఎర్ర జాకెట్ తొడుక్కుంది. వీపు మీద "ఒకే పని, ఒకే జీతం" అని ఉంది. ఎనిమిదయ్యేసరికి తొమ్మిది మంది పోగయ్యారు. సన్నటి జల్లు. ఫ్లాస్కుల్లో టీ, సోడాబ్రెడ్ ముక్కల మీద మందంగా వెన్న. ట్రాక్టరు మీద పోతున్న రైతు హారన్ కొట్టాడు, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక పెద్ద కారు నెమ్మదించింది. అద్దం దించి ఒకావిడ అరిచింది. "సిగ్గు లేదూ? పాపం ఆ మనుషుల్ని గాలికొదిలేసి!"

"నీకంత జాలిగా ఉంటే లోపలికెళ్లి ముడ్లు కడుగు తల్లీ!" డెర్వలా కేక రోడ్డు చివరిదాకా వినపడింది. "చోటు ఖాళీగానే ఉంది! రెండేళ్ల నుంచీ ఖాళీయే!"

కారు పోయింది. అందరూ నవ్వారు. అట్రాక్టా నవ్వలేదు. ఆవిడ చూపు వంటింటి కిటికీ మీదే ఉంది. గేటు నుంచి ముప్పై అడుగులు. కోల్మన్ తల కనిపిస్తోంది. ఎదురుగా ఫిడెల్మా కప్పు పట్టుకుని వంగింది. తల అటు తిరిగింది. ఫిడెల్మా ఇటు వచ్చింది. తల ఇటు తిరిగింది.

"కూర్చో అక్కా. కుర్చీకి ముళ్లేం లేవు."

"చిక్కబరిచే పొడి సరిగ్గా కలిపిందో లేదో. టీ పలచగా ఉందనుకో, ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

"మలాకీకి తెలుసు."

"కప్పు పట్టుకుంది మలాకీ కాదుగా!"

తొమ్మిదయింది. తొమ్మిదిన్నర. ఆవిడ గేటు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది, మళ్లీ ఈ చివరకి. చేతులకి పని లేకపోతే ఆవిడకి ఒళ్లంతా దురద. నినాదం రాసిన అట్ట పట్టుకుంది, డెర్వలా చేతిలో పెట్టేసింది, మళ్లీ లాక్కుంది. పదింటికి వీధి తలుపు తెరుచుకుంది. గొడుగు కూడా లేకుండా ఫిడెల్మా పరిగెత్తుకొచ్చింది.

"పొద్దున్నుంచీ గుక్కెడు కూడా తాగలేదు. నోరు బిగించేశాడు. మందులు కూడా పడలేదు. అట్రాక్టా, ప్లీజ్."

డెర్వలా లేచి నిలబడింది. "అక్కా, వద్దు. నువ్వు లోపలికెళ్లావంటే మధ్యాహ్నానికి అన్ని ఇళ్లకీ కబురు చేరిపోతుంది. అట్రాక్టాయే వెళ్లింది, మనమెంత అంటారు. అక్కడితో అయిపోయినట్టే. తెలుసా నీకు?"

"పది నిమిషాలే."

"తొమ్మిదేళ్ల నుంచీ పది నిమిషాలే!"

అట్రాక్టా జాకెట్ విప్పి గేటుకి తగిలించింది. ఎవరి మొహమూ చూడలేదు. ముప్పై అడుగులు నడవడానికి తొమ్మిదేళ్లు పట్టినట్టయింది.

వంటిల్లు వెచ్చగా ఉంది. బల్ల మీద మూడు కప్పుల టీ చల్లారి, జావలా బిగుసుకుపోయింది. చేతులు కడుక్కుంది. కొత్త టీ పెట్టి, పాలు పోసి, చిక్కబరిచే పొడి రెండు చెంచాలు చల్లి తిప్పింది. చేతులకి ప్రాణం లేచొచ్చింది. చెంచా తీసుకుని కోల్మన్ ఎదురుగా కూర్చుంది.

"ఏరా నాయనా, ఏంటీ మొండితనం? నేనొచ్చాగా. నోరు తెరువు."

కోల్మన్ పళ్లు బిగించాడు. దవడ కండరం ఉబ్బింది. కళ్లు పలక వైపు తిరిగాయి.

"ముందు తాగు. తర్వాత మాట్లాడదాం."

అతను కళ్లు మూసేశాడు. కాదు. మళ్లీ తెరిచి పలక వైపే చూశాడు. వెనక నించున్న ఫిడెల్మా ఏడుపు గొంతుతో అంది. "పొద్దున్నుంచీ 'మ' అంటున్నాడు. మంచినీళ్లా అన్నాను. మందులా అన్నాను. మజ్జిగా అన్నాను. దేనికీ కాదంటాడు. ఆ 'మ' దాటి ముందుకెళ్లడు."

"ముందుకెళ్లనిచ్చావా?"

అట్రాక్టా చెంచా పక్కన పెట్టి పలక ఎత్తింది.

మ. లా.

కీ.

అట్రాక్టా గట్టిగా నవ్వేసింది. "మలాకీ! వాడికి మలాకీ కావాలటే! సమ్మెలో లోపల ఉండాల్సింది మలాకీ కదా. మేనేజరు చేత్తో తాగనంటున్నాడు. రెండు గంటలు! రెండు గంటలు మంచినీళ్లూ మజ్జిగా అన్నావ్!"

కోల్మన్ కళ్లు పైకెత్తాడు. పెదవి వంకర తిరిగింది. అదే అతని నవ్వు. ఫిడెల్మా పక్కగదిలో ఇంకొకళ్లకి స్నానం చేయిస్తున్న మలాకీని కేకేసింది. అతను తడి చేతులతో వచ్చాడు.

"నన్నా? నేను అడుగుదామనే అనుకున్నా. మేడమే చూసుకుంటానంది" అన్నాడు నెమ్మదిగా. మలాకీ ఏ మాటైనా నెమ్మదిగానే అంటాడు.

కథ అక్కడితో అయిపోవాల్సింది. ఆవిడ లేచి వెళ్లిపోవాల్సింది. చెంచా మలాకీకి ఇవ్వాల్సింది. ఇవ్వలేదు. చేతిలోనే ఉంది. "ఎలాగూ కలిపాను కదా. ఈ కప్పు ఒక్కటీ నేనే..." అంది.

ఫిడెల్మా ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది. "అందుకే అంటాను. నువ్వు చాలా మంచిదానివి అట్రాక్టా."

కోల్మన్ కళ్లు టపటపా కొట్టుకున్నాయి. పలక కావాలన్నాడు. ఆవిడ ఎత్తింది.

చ.

"చల్లారిందా? లేదురా, ఇప్పుడే పెట్టాను."

కళ్లు మూసుకున్నాయి. చ. మళ్లీ చ. వ.

"చవి లేదా? చక్కెర వేసేదా?"

కళ్లు మూసుకున్నాయి. ఈసారి చాలాసేపు. తెరిచినప్పుడు వాటి నిండా కోపం. ఫ్రిజ్ వైపు చూశాడు, అట్ట వైపు. అట్రాక్టా నోరు మూసుకుంది.

చ. వ. క.

"చవక" అని చదివింది. "ఏంటి చవక? టీ పొడా?"

అతను ఆవిడ వైపు చూశాడు. పలకలోంచి సూటిగా, అక్షరాల మధ్యలోంచి. తర్వాత ఒక్కొక్కటే, తొందర లేకుండా. మం. చి. దా. ని. వి. కా. దు. చ. వ. క.

మలాకీ నేల చూశాడు.

ఆవిడ మొహం ఎర్రబడింది. "నీ కోసమే కదరా వచ్చాను! బయట అందరూ చూస్తుండగా, జాకెట్ విప్పేసి వచ్చాను! తొమ్మిదేళ్లు... తొమ్మిదేళ్లు ఎనిమిదికి ఇరవై తక్కువకి ఎవరి కోసం వచ్చానురా? నన్ను చవకంటావా?"

కోల్మన్ కళ్లు పైకెత్తాడు. అవును.

ఆవిడకి కొట్టాలనిపించింది. నిజంగానే అనిపించింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి. చెంచా బల్ల మీద ఠంగున పెట్టింది. అతను ఇంకా పలకే చూస్తున్నాడు. మళ్లీ ఎత్తి పట్టుకుంది.

నూ. ట. ప. ద. మూ. డు.

ఈసారి ఊహించక్కర్లేదు. ఆవిడ పది నిమిషాలు ఇస్తుంది, ఇంకొకరు పావుగంట ఇస్తారు, మొత్తం చవగ్గా గడిచిపోతుంది. గడిచిపోతుంది కాబట్టి ఎవడూ డబ్బివ్వడు. ఇవ్వరు కాబట్టి ఉన్నవాళ్లు రోడ్డు దాటతారు. తర్వాత నర్సింగ్ హోమ్, నూట పదమూడు, నూట పధ్నాలుగు. అదంతా ఆ కళ్లలోనే ఉంది. అట్రాక్టాకి అర్థమయింది. అర్థమైనందుకు ఇంకా కోపం వచ్చింది.

కప్పు మలాకీ చేతికిచ్చింది. "నాలుక మధ్యలో పెట్టకు. ఎడమ వైపు" అంది.

"తెలుసు అట్రాక్టా. ఆరేళ్ల నుంచీ పెడుతున్నా."

గుమ్మం దగ్గర ఫిడెల్మా అడ్డంగా నిలబడింది. "అట్రాక్టా, నేనేదో తప్పు చేశాననుకోకు. నాకు వేరే దారి లేదు."

"నువ్వూ ముప్పై తొమ్మిదో సెక్షనేగా అమ్మాయ్? రోడ్డు అవతల నీ కుర్చీలో కూర్చున్నదానికి నీకన్నా ఎంతెక్కువో నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి ఎవరి కోసమే ఈ పరుగులు?"

ఫిడెల్మా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అట్రాక్టా జాలిపడలేదు. జాలిపడే భాగం ఆ రోజుకి అరిగిపోయింది. బయటికొచ్చి గేటు మీద జాకెట్ తీసుకుని తొడుక్కుంది. తడిసిపోయి బరువుగా ఉంది. డెర్వలా ఏదో అనబోయింది.

"ఒక్క మాటన్నావంటే ఆ ఫ్లాస్కు నీ నెత్తిన పోస్తా" అంది అట్రాక్టా.

"నేనేమన్నాను? టీ ఉందా అని అడగబోయా."

మధ్యాహ్నం ఒంటిగంటకి వీధి తలుపు దగ్గర గొడవ వినబడింది. కోల్మన్ గడ్డంతో నడిపే మోటారు కుర్చీలో బయటికి రావాలంటున్నాడు. బయటికి తీసుకెళ్లాలంటే ఇద్దరుండాలి, ఫారం నింపాలి అని ఫిడెల్మా. నేను నా గేటు దాకా వెళ్తాను, గేటు నాది అని అతను. మలాకీ పలక పట్టుకుని ఒక్కొక్క అక్షరం, ఊరంతా వినేటట్టు, నెమ్మదిగా చదువుతున్నాడు.

"తలుపు తీస్తే పని కిందికి వస్తుందా, ఫారం నింపడానికి?" డెర్వలా గేటు దగ్గర నుంచి అరిచింది. "మలాకీ! తలుపు తీయడం మర్యాద! తియ్యి!"

తలుపు తెరుచుకుంది. కుర్చీ గులకరాళ్ల మీద గరగరలాడుతూ వచ్చి సరిగ్గా గేటుకి లోపల ఆగింది. రెండంగుళాల ఇవతల అట్రాక్టా బూట్లు. అతని మొహం మీద వాన చుక్కలు. తుడవాలని ఆవిడ చెయ్యి లేచింది. చెయ్యిని జేబులో పెట్టేసుకుంది. అతను చూశాడు. కళ్లు పైకెత్తాడు. తర్వాత మలాకీ వచ్చి తుడిచాడు.

బుధవారం అంతకన్నా కష్టం. మలాకీ చెంచా కింద పడేశాడు, కిటికీలోంచి కనిపించింది. కోల్మన్‌కి పొలమారింది. అట్రాక్టా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. డెర్వలా ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని, ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. దగ్గు ఆగింది. ఎంతసేపటికి ఆగిందో అడిగితే ఆవిడ గంట అనేది. డెర్వలా గడియారంలో అర నిమిషం. లోపలున్నది మలాకీ, వాడికి తెలుసు. అది ఆవిడ నమ్మాల్సి వచ్చింది. తొమ్మిదేళ్లలో ఇంకొక మనిషి చేతిని ఆవిడ నమ్మింది అప్పుడే.

గురువారం మధ్యాహ్నం డెర్వలా ఫోన్లో కబురొచ్చింది. సర్కారు మాట్లాడదాం రమ్మంది. జీతం పెంచుతామని కాదు. మాట్లాడదామని.

"గెలిచామా?" అని ఎవరో అడిగారు.

"గెలవలేదు. కానీ మనం ఉన్నామని తెలిసింది" అంది డెర్వలా. "కుర్చీలు మడవండి. మళ్లీ విప్పాల్సి రావచ్చు, తాళ్లు గట్టిగా కట్టకండి."

శుక్రవారం ఏడూ నలభైకి నీలం కారు డ్రమ్‌కార్న రోడ్డులో ఆగింది. అట్రాక్టా దిగలేదు.

ఇంజను ఆపేసింది. అద్దాల మీద వాన. స్టీరింగు పట్టుకుని కూర్చుంది. ఇంట్లో కోల్మన్ గది లైటు వెలుగుతోంది. లేచే ఉంటాడు. పైకప్పు చూస్తూ ఉంటాడు. కాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఏడూ నలభై మూడు. తలుపు పిడి పట్టుకుంది, వదిలేసింది. ఏడూ నలభై తొమ్మిది. రేడియో పెట్టింది, ఎవడో గొర్రెల ధరలు చెబుతున్నాడు, కట్టేసింది. రోడ్డు అవతల జుసారా కారు దిగి చెయ్యూపింది. ఈవిడా ఊపింది. ఏడూ యాభై ఆరు. ఆవిడకి ఏడుపు వచ్చింది. ఏడవలేదు, తిట్టుకుంది.

ఎనిమిది కొట్టగానే లోపలికెళ్లింది. మలాకీ, ఆవిడ కలిసి కోల్మన్‌ని ఎత్తారు. కాళ్లు కర్రల్లా ఉన్నాయి. రెండు నిమిషాలు రుద్దింది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి పలక ఎత్తింది.

ఆ.

ఆవిడ నోటికొచ్చిన మాట ఆలస్యం. పళ్ల మధ్య నొక్కి పట్టింది. ఎదురుచూసింది.

క. లి.

"ఆకలి" అని చదివింది. "తెలుసురా. ఇరవై నిమిషాలు. కారులోనే ఉన్నాను. చూస్తూనే ఉన్నాను."

అతను కళ్లు పైకెత్తాడు. తెలుసు. మళ్లీ పలక వైపు చూశాడు.

రా.

ఆగింది. రా అంటే వచ్చెయ్యమనా? రేపటి నుంచి ముందే రమ్మనా? అడగాలని నాలుక పీకేసింది. అడగలేదు. వాన కిటికీ మీద కొడుతోంది. అతనికి మెడ పట్టేసింది. కళ్లు జారిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. ఆవిడ పలక కదలకుండా పట్టుకుంది.

రా. యి.

అట్రాక్టా పలక పక్కన పెట్టి, రోజువారీ పుస్తకం తెరిచింది. తొమ్మిదేళ్ల హుషారు. కొత్త పేజీ మీద పెన్ను గట్టిగా నొక్కి రాసింది.

"ఏడున్నర. కోల్మన్ లేచాడు. ఎనిమిది దాకా ఆకలితో మంచంలోనే ఉన్నాడు. ఎత్తడానికి రెండో మనిషి లేదు."

కింద సంతకం పెట్టింది. పుస్తకం తిప్పి అతని కళ్ల ముందు పట్టుకుంది. అతను మొదట్నుంచీ చివరిదాకా చదివాడు. కళ్లు పైకెత్తాడు. తర్వాత టీ వైపు చూశాడు.